పూటకూటియింటి నుండి హఫీజ్‌పేట వరకు: తెలుగువారి బయటి బంతి

తెలుగువారి భోజనమును గూర్చి వ్రాసినవారు రాజుల విందులను, దేవాలయముల నైవేద్యములను, పండుగల పిండివంటలను విరివిగా వర్ణించిరి. 1949లో వెలువడిన సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' సామాన్యుని తిండితీరులను గూడ చరిత్రకెక్కించి మనకు మార్గము చూపినది. ఆ మార్గముననే సాగి, ఇంట పొయ్యి యుండగా రూకలిచ్చి పరుల చేతివంటను బయట కూర్చుండి తినుట యను ఆచారమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. ఇందుకు నిదర్శనముగా మేము గ్రహించినది హైదరాబాదు పడమటి కొసనున్న హఫీజ్‌పేట. అందును ఆదివారపు సాయంకాలము.

హఫీజ్‌పేట యను పేరులోనే రెండు భాషలు కలిసియున్నవి. 'హఫీజ్' పారసీకము ద్వారా మనకు చేరిన అరబ్బీ పదము. 'పేట' అంగడి గల జనావాసమును దెలుపు మన మాట. సికిందరాబాదు నుండి వాడికి పోవు రైలుమార్గము 1874లో ఏర్పడినది; హఫీజ్‌పేట స్టేషను ఆ మార్గముననే కలదు. రైలు వచ్చినను ఇది చాలకాలము చెరువులు, పొలములు, రాతిగుట్టలు గల పల్లెగనే యుండెను. 1998 నవంబరు 22న సమీపమున మాదాపూరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిమ్మట ఈ ప్రాంతపు రూపురేఖలు మారినవి. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు నడువసాగినవి; 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము హైదరాబాదు మహానగరములో విలీనమైనది; 2018లో కొండాపూరు దారినున్న పెద్ద అంగడిభవనమున సినిమాశాలలు వెలసినవి. పేట యను మాట నూరేండ్లు ఆలస్యముగ సార్థకమైనదని చెప్పవచ్చును.

ఆదివారము సాయంకాలము ఏడుగంటలు దాటునప్పటికి ఈ దారులలోని భోజనశాలల ముందు జనము నిలిచియుందురు. వాకిట ఒక కుర్రవాడు కాగితముపై పేర్లు వ్రాసికొనుచు 'ఇంకను అరగంట' యని చెప్పుచుండును. ఒకచోట బిర్యానీ, ఒకచోట రాగిసంగటియు నాటుకోడి పులుసును, ఒకచోట దోసెలు, ఒకచోట అరబ్బుల మంది, మేడమీద పబ్బు. నిలిచియున్నవారిలో ముసలివారు కలరు, చంకబిడ్డలు కలరు, ఒంటరిగ వచ్చిన యువతీయువకులు కలరు. ఈ దృశ్యమును చూచినవారిలో కొందరు ఇది నిన్నమొన్నటి పరదేశీయ వ్యామోహమనియు, తెలుగువారికి బయటితిండి ఎన్నడును లేదనియు తలతురు. మా పరిశీలనలో ఈ యభిప్రాయము నిలువదు. బయట తినుట తెలుగువారికి క్రొత్త కాదు. బంతిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుందురు, ఎవరు వడ్డింతురు, ఎవరు కడపట తిందురు అను విషయమున వచ్చిన మార్పే క్రొత్తది. 'బంతి' యనునది 'పంక్తి' శబ్దభవము. ఈ బంతి కథయే మా వ్యాసవిషయము.

ముందుగా మాటను విచారింతము. బయటి భోజనమునకు తెలుగున గల పాతమాట 'పూటకూడు'. పూటకు ఇంతయని వెల ఇచ్చి తిను కూడు పూటకూడు. అది దొరకు చోటు పూటకూటియిల్లు. బహువచనరూపమున పూటకూళ్ళ ఇల్లు. క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీధుల తిరుగుచు నగరపు వింతలను చూతురు. అందు లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరకు భోజనపు పట్టిక కలదు: మేలైన సన్నబియ్యపు అన్నము, గోధుమ పిండివంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. వెల నిర్ణీతము, పదార్థములు నిర్ణీతములు, వండువాని పేరు ఊరెల్ల నెరిగినది. నేటి భోజనశాలకు గల ముఖ్యలక్షణములు మూడును కాకతీయుల నగరమును వర్ణించిన ఈ గ్రంథముననే కానవచ్చుచున్నవి.

అయితే ఇచట గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. అది 'ఇల్లు', శాల కాదు. తినువాడు తన ఇల్లు విడిచి మరియొకని ఇంటికి పోవుచున్నాడు. వజ్ఝల యను ఇంటిపేరే వంటకు పూచీ. కులము తెలిసిన చేతివంట యైననే బాటసారి నిశ్చింతగ తినగలడు. వెల ఇచ్చుట చేత ఆకలి తీరుటయే గాని ఆచారము సడలుట లేదు. కావున పూటకూడు పుట్టుకతోనే రెండు పడవలపై కాలు మోపినది: రూక ఎవరి చేతినుండియైన రావచ్చును, కూడు మాత్రము ఎవరి చేతినుండియైన రాదు.

వెల లేని బయటి భోజనమును మనవారు సత్రముల ద్వారా, అన్నదానముల ద్వారా నడిపిరి. గోదావరి లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) తన ఇంటినే సత్రము గావించి వచ్చినవారికెల్ల అన్నము పెట్టి చరిత్రకెక్కినది. ఐనను దూరప్రయాణమునకు సత్రముపైననే ఆధారపడుట కష్టము. 1830–31 సంవత్సరములలో మదరాసు నుండి కాశికి హైదరాబాదు మీదుగ యాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' (1838) చదువువారికి, ప్రతి మజిలీయందును సామగ్రి దొరకునా, నీరు మంచిదేనా, దిగుటకు స్థలము గలదా అను చింత అడుగడుగున కనబడును. సంపన్నుడు సైతము పొయ్యిని వెంటబెట్టుకొని పోవలసిన కాలమది.

మూడవది చాపకూడు. పల్నాటి బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని పల్నాటి వీరగాథలు చెప్పుచున్నవి. కారంపూడిలో కార్తికమాసమున జరుగు వీరుల ఉత్సవములందు చాపకూడు నేటికిని ఒక అంగముగా నిలిచియున్నది. ఈ గాథలో ఎంత చరిత్ర, ఎంత కల్పన యను చర్చ అటుండనిండు. సహపంక్తి భోజనము ఒక వీరునికి తగిన సాహసకార్యముగా జనులు తలచిరనుటయే మాకు ముఖ్యము. కలిసి తినుట సామాన్యవిషయమే యైనచో దానికి వీరగాథ ఏల? ఏటేట ఉత్సవమేల? తెలుగున 'ఎంగిలి' యను మాటకు గల బరువు నెరిగినవారికి ఈ ప్రశ్నకు సమాధానము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్లు మనకు మూడు బయటికూళ్ళు కలవు. పూటకూటికి మూలము వెల, సత్రపుకూటికి మూలము పుణ్యము, చాపకూటికి మూలము సమత. ఈ మూడును వేరువేరు దారుల నడచి, నేటి భోజనశాలలో ఎంతవరకు కలిసినవో చూతము.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో మారినరూపున మరల వెలువడినది. అందలి పూటకూళ్ళమ్మ వితంతువు. విజయనగరమున కూడు వండిపెట్టి బ్రదుకుచున్నది. ఆమెకు పేరు లేదు, వృత్తియే పేరు. గిరీశము ఆమె అన్నము తినుచు, ఆమె సొమ్ము కాజేసి, ఆమెను మోసగించెను. చీపురుకట్టతో ఆమె అతని వెదకుచు వచ్చు ఘట్టమున ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వు వెనుక ఒక చారిత్రక సత్యము దాగియున్నది. బంతిలో కూర్చుండి తినువారు పురుషులు. పొయ్యి కడ నున్నది స్త్రీ. ఇంటికి వెలియైన వితంతువునకు వంట యొక్కటే జీవనాధారము. ఓరుగల్లు పూటకూటియింటి కడనుండి విజయనగరము పూటకూటియింటి వరకు ఇన్ని శతాబ్దములు గడచినను, బయటి బంతిలో కూర్చుండిన తెలుగు గృహిణి మాకు సాహిత్యమున తటస్థపడదు.

మార్పునకు మొదటి కారణము రైలు. బండి ఆగు కొద్ది నిమిషములలో వండుకొని తినుట అసాధ్యము. స్టేషనులలో ఫలాహారశాలలు పుట్టినవి. పట్టణములలో హోటళ్ళు పుట్టినవి. ఈ హోటళ్ళు మొదట పాత ఆచారమునే క్రొత్త గోడల నడుమ నిలిపినవి. 'బ్రాహ్మణ భోజనశాల' యను పలక వజ్ఝలవారి ఇంటిపేరు చేసిన పనియే చేసినది. మదరాసు రాజధానిలోని రైల్వే భోజనశాలలలో బ్రాహ్మణులకు, ఇతరులకు వేరువేరు స్థలములుండెను. ఆత్మగౌరవోద్యమపు ఒత్తిడిచే 1941లో ఆ భేదము తొలగింపబడినది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన భారత రాజ్యాంగపు 15వ అధికరణము దుకాణములు, భోజనశాలలు, హోటళ్ళు మొదలగువాని ప్రవేశమున కులమతాది భేదములు పాటింపరాదని శాసించినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము దానికి శిక్షను జోడించినది. రాజ్యాంగనిర్మాతలు ఇతర మహావిషయములతో పాటు భోజనశాలను పేరుపెట్టి చెప్పుట యాదృచ్ఛికము కాదు. బంతి ఎంతటి రాజకీయవిషయమో వారెరుగుదురు. చట్టము వచ్చిన పిమ్మటను పల్లెల చాయదుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి చాలకాలము సాగెనన్నది మన సంఘమునకు తలవంపు తెచ్చు సత్యము.

హైదరాబాదు బంతికి మరియొక మార్గము గలదు. బొంబాయి, పూనా నగరముల మీదుగ ఇచటికి వచ్చిన ఇరానీలు చాయహోటళ్ళు నెలకొల్పిరి. ఆబిడ్సులోని గ్రాండ్ హోటలు 1935 నాటిది. సికిందరాబాదులోని ప్యారడైజు 1953లో చిన్న చాయహోటలుగ మొదలైనది. ఇరానీ హోటలులో నేలపై బంతి లేదు. చలువరాతి పలక గల బల్ల, దానిచుట్టు కుర్చీలు. బంతిలో మనుష్యుడు తన వరుసవాని ప్రక్కన కూర్చుండును. బల్లకడ అపరిచితుని ఎదుట కూర్చుండును. ఒక కప్పు చాయకు వెల ఇచ్చినవాడు, ఎవ్వడైనను, ఎంతసేపైనను కూర్చుండవచ్చును. సత్రము చేయలేని పనిని, చట్టము రాకమునుపే, ఒక చాయకప్పు కొంతవరకు చేసినది.

ఇక ఆదివారము. ఇది సైతము చరిత్ర గలదే. బొంబాయి మిల్లు కార్మికులకు నారాయణ మేఘాజీ లోఖండేగారి కృషివలన 1890లో ఆదివారపు సెలవు లభించినది. నిజాము రాజ్యమున ప్రభుత్వ కార్యాలయములకు శుక్రవారము సెలవుదినము. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసిన తరువాతనే ఆదివారమునకు ఆ స్థానము దక్కినది. కావున హఫీజ్‌పేటకు సెలవుదినముగా ఆదివారమే క్రొత్తచుట్టము. అయినను తెలంగాణమున ఆదివారమునకు భోజనసంబంధము పూర్వమే కలదు. సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనములు ఆషాఢపు ఆదివారముననే జరుగును. 'బోనము' 'భోజన' శబ్దమునుండి పుట్టినది. ఇంటి వంట కుండకెక్కి, స్త్రీల తలపై వీధిలోనికి వచ్చు దినమది. ఆదివారమున వంట గడప దాటుట ఈ నేలకు పరిచితమే.

ఆదివారపు సాయంకాలమే ఇంత రద్దీ యేల? కారణము మిక్కిలి లౌకికమైనది. ఈ ప్రాంతపు హాస్టళ్ళలోను మెస్సులలోను నివసించు యువజనులకు ఆదివారము మధ్యాహ్నము విశేషభోజనము పెట్టి, రాత్రికి పొయ్యి ఆర్పివేయుట పెక్కుచోట్ల పరిపాటి. కుటుంబములలో సైతము అంతే. ఆదివారము మధ్యాహ్నము మాంసపు వంట. మసాలా నూరుట మొదలు గిన్నెలు తోముట వరకు అది రోజంతటి పని. సాయంకాలమునకు గృహిణి అలసియుండును. సోమవారము ఉదయమే ఆమెకును కార్యాలయము గలదు. వారమంతయు కర్రీ పాయింటు నుండి కూర తెచ్చి, అన్నము మాత్రము ఇంట వండుకొను సంసారములు ఇచట అనేకములు. పొయ్యి సగము ముందే బయటికి పోయినది. ఆదివారము రాత్రి మిగిలిన సగమును పోవుచున్నది. కావున భోజనశాల ముందు నిలిచిన ఆ వరుసను వ్యామోహమని కొట్టివేయుట సరికాదు. అది వంటయింటికి దొరకిన వారపు సెలవు. 1890లో మిల్లు కార్మికునికి లభించిన సెలవు మన వంటయింటికి చేరుటకు నూరేండ్లు పైబడినది.

పబ్బును గూర్చి యొక మాట. ఆంగ్లమున దాని పూర్తిపేరు 'పబ్లిక్ హౌస్'. అనగా జనులందరి ఇల్లు. మన పూటకూటియింటి వలెనే అదియు 'ఇల్లే' యగుట చిత్రము. మనకు దానికి సాటియైనది కల్లుమండువ. మండువలో తాటాకు రేకను దొప్పగా పట్టి త్రాగుదురు. ఎవరి రేక వారిది. ఎంగిలి ప్రసక్తి లేదు. కలిసి కూర్చుండియు కలియకుండుటకు ఇంతకన్న నేర్పైన ఉపాయము లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు నడపిన సారావ్యతిరేకోద్యమము పెరిగి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధముగా పరిణమించినది. 1997లో నిషేధము సడలినది. మరుసటి యేడే సైబర్ టవర్స్ తెరువబడినది. 2015లో తెలంగాణ ప్రభుత్వము అచటికచట బీరు కాచు చిన్న బట్టీలకు అనుమతి నిచ్చినది. మద్యము వలన సంసారములు చెడినందున వీధికెక్కిన స్త్రీలను, నేడు పబ్బులో స్నేహితులతో కూర్చుండు ఉద్యోగినులను ఎదురెదుట నిలిపి ఒకరిచే ఒకరిని నిందింపజేయుట తగదు. మొదటివారికి కూలిసొమ్ముపై అధికారము లేకుండెను. రెండవవారికి తమ జీతముపై అధికారము గలదు. భేదము సీసాలో లేదు, సొమ్ముపై అధికారమున గలదు.

ఈ భోజనశాలలలో మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది 'మంది'. ఇది యెమెను దేశపు హద్రమౌత్ ప్రాంతపు వంట. నిజాము సైన్యమున కొలువు చేసిన అరబ్బుల సంతతివారు నివసించు పాతబస్తీ బార్కసు నుండి నగరమంతట వ్యాపించినది. పెద్దపళ్ళెములో అన్నము, దానిపై మాంసము. చుట్టు నలుగురైదుగురు నేలపై కూర్చుండి ఒకే పళ్ళెమున చేయి పెట్టి తిందురు. ఒకే కార్యాలయమున పనిచేయు మిత్రులు ఒకరి కుల మొకరు అడుగకయే ఈ పళ్ళెముచుట్టు చేరుచున్నారు. బ్రహ్మనాయుడు చాపను మాత్రమే కలిపెను; మంది పళ్ళెమునే కలిపినది. ఎంగిలి యను మహాదుర్గము ఇంత నిశ్శబ్దముగా కూలునని మన సంస్కర్త లెవ్వరును ఊహించియుండరు.

ఇంతమాత్రమున సమత సిద్ధించినదని ప్రకటించుట తొందరపాటగును. ఫలకములపై 'రాజుగారి కోడిపులావు' వంటి పేర్లు చూచుచున్నాము. వండువాని కులమునకు ఇప్పుడు పూచీతో పని లేదు. అయినను కులనామము రుచికి విశేషణముగా మిగిలియున్నది. మరియు రూక కులము నడుగదు గాని, రూక లేనివానిని అసలే చూడదు. భోజనశాల వాకిట మోటారుబండ్లపై పొట్లములు మోయు కుర్రవాండ్రు నిలిచియుందురు. లోపలి అన్నము వారి చేతులమీదుగనే ఇండ్లకు పోవును. లోపలి కుర్చీ వారిది కాదు.

ఒక ఆదివారము రాత్రి మా తల్లిగారిని వెంటబెట్టుకొని హఫీజ్‌పేట స్టేషను సమీపమున ఒక భోజనశాలకు పోయితిమి. ఆమె చిన్ననాట పెండ్లివిందులలో పురుషుల బంతులు ముగిసి, పిల్లల బంతి ముగిసి, విస్తళ్ళెత్తిన పిమ్మట ఆడువారు కూర్చుండుట ఆచారము. వడ్డించినవారు కడబంతి. పప్పు అడుగంటిన తరువాత మిగిలినదే వారి విందు. ఆ రాత్రి ఆమె మా యందరితో పాటు, అందరికన్న ముందుగ వడ్డింపబడి తినినది. తినుచు తినుచు, వడ్డించు కుర్రవానిని 'నువ్వు తిన్నావా, బాబూ?' అని యడిగినది. అతనికి తెలుగు రాదు. మేము హిందీలో చెప్పగా నవ్వి, బల్లలన్నియు ఖాళీయైన పిమ్మట, పండ్రెండు దాటినంతట తాము తిందుమనెను. మా తల్లిగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప, 'అయితే నేను కూర్చున్న బంతిలో ఇప్పుడు ఇతను కూర్చుంటున్నాడన్న మాట' అనినది.

మా పరిశోధన అంతయు ఈ యొక్క వాక్యమునకు వ్యాఖ్యానమని మాకు తోచినది. 'వడ్డించువాడు తనవాడైనచో కడబంతిని కూర్చున్నను లోటు లేదు' అని మన సామెత. అది తినువాని సామెత. వడ్డించువానికి ఎవడు తనవాడో సామెత చెప్పదు. ఒకనాడు ఇంటి స్త్రీ కడబంతి. పూటకూళ్ళమ్మది కడబంతి. నేడు దూరరాష్ట్రములనుండి బ్రదుకుతెరువునకై వచ్చిన యువకునిది కడబంతి. పూటకూడు వెలను తెచ్చినది, చాపకూడు సమతను తెచ్చినది, ఆదివారము మన గృహిణికి బంతిలో చోటు తెచ్చినది. కడబంతి మాత్రము పోలేదు, చేతులు మారినది.

పరిశోధకవిద్యార్థులు తమ తమ ఊళ్ళలోని మెస్సులు, విలాసులు, మిలిటరీ హోటళ్ళు, చాయదుకాణముల చరిత్రలను, ఆ పేరుపలకలను, పెద్దల నోటగల బంతి మాటలను సేకరింపవలెనని మా కోరిక. సేకరించునపుడు ఏమి వండిరి, ఎంతకు అమ్మిరి అని అడుగుటతో ఆగక, ఎవరు కడపట తినిరి అని గూడ అడుగవలెను. ఆ ప్రశ్న లేని భోజనచరిత్ర పదార్థముల పట్టిక మాత్రమే యగును.